రెండు భుజాల వదులు

ఎక్కువ బిగిస్తే చెయ్యి పైకి లేవదు, తక్కువ బిగిస్తే మళ్ళీ జారుతుంది, ఎక్కడ ఆపమంటారో మీరే ఆలోచించి చెప్పండి దీదీ, అనేసి ఆ కుర్ర డాక్టరు చక్కా వెళ్ళిపోయాడు. ఎవరో రైల్వే యార్డు మనిషికి మణికట్టు విరిగిందట, పిండికట్టు వేసి వస్తాడట, వచ్చేలోగా మీనాకుమారి ఆలోచించి పెట్టాలట. ఆలోచన అంటే పప్పు నానబెట్టడం అనుకున్నాడు కాబోలు, మూత పెట్టి పక్కన ఉంచితే దానంతటదే అయిపోతుందని. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. కుడి అరచేతిలో ఎడమ మోచెయ్యి, ఎడమ అరచేతిలో కుడి మోచెయ్యి. ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. చూసినవాళ్ళు కొందరు చలనుకుంటారు, కొందరు పొగరనుకుంటారు, ఖరగ్‌పూర్ చైత్రం ఎండలో చలెక్కడిదని కాబోలు చాలామంది పొగరు దగ్గరే ఆగిపోతారు. నిజానికి వదిలేస్తే చేతుల బరువుకే భుజాలు కిందికి సాగుతాయి, ఒకదాన్నొకటి మోస్తే కాస్త నయం. పక్కన తల్లి నూకాలమ్మ, ఒళ్ళో స్టీలు టిఫిను డబ్బా, కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో, అమ్మవారి తలపో, ఊరికే మూసుకోవడమో తెలియదు. పొద్దున్నే నేనూ వస్తానని చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది, తీరా ఇక్కడికొచ్చాక డాక్టరు గదిలోకి రానంది. "నాకేటి తెలుస్తాది, నువ్వే యిని రా" అంది. వినొచ్చింది. విన్నదంతా ఇప్పుడు తలలో అటూ ఇటూ దొర్లుతోంది.

భుజమంటే సాసరు మీద బంతి, అన్నాడు డాక్టరు. బంతి చుట్టూ ఒక సంచి, మీకు ఆ సంచి పుట్టుకతోనే వదులు, రెండు వైపులా. కుడివైపు మాటిమాటికీ జారి సంచి ముందు అంచు చిరిగింది, సాసరు గట్టు కూడా కొంచెం అరిగింది. వ్యాయామాలు చేశారా? చేసింది, రబ్బరు పట్టీ కిటికీ ఊచకి కట్టి పొద్దుటా సాయంత్రం లాగింది, లాగినన్నాళ్ళు బాగానే ఉంది, ఒకరోజు పట్టీతో పాటు భుజమూ వచ్చేసింది. సరే, చిన్న చిన్న కన్నాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, సంచికి మడతలు పెట్టి కుట్టొచ్చు, నొప్పి తక్కువ, తొందరగా కోలుకుంటారు, కానీ మీలాంటి వదులు ఒంట్లో ఆ మడత మళ్ళీ సాగే భయం ఉంది. లేదా కోసి తెరిచి, సంచిని కత్తిరించి, ఒక అంచు మీదికి ఇంకో అంచు లాగి కుట్టొచ్చు, అది గట్టిది, చెయ్యి మాత్రం కొంత బిగుసుకుపోతుంది. ఎముక ముక్క తెచ్చి గట్టు దగ్గర పెట్టి స్క్రూలు బిగించేది కూడా ఉంది గానీ, అది గట్టు బాగా అరిగినవాళ్ళకి, మీకు అంత దాకా రాలేదు. ఏది చేసినా ముందు కుడి, అది పూర్తిగా మానాక, కొన్ని నెలలు పోయాక, ఎడమ. రెండూ ఒకేసారి చేసేయరా అని అడిగితే నవ్వాడు. చేస్తే మీ నోటికి మంచినీళ్ళ గ్లాసు ఎవరు పెడతారు దీదీ, అన్నాడు. మంచి పిల్లాడే. ఆమెకి కుట్టు సంగతి కొత్త కాదు. వర్క్‌షాపులో ట్రిమ్మింగ్ షాపు, అంటే బోగీల్లో బెర్తులకి రెక్సిన్ తొడిగే చోట ఆమె ఉద్యోగం, తండ్రి వెంకటరావు సర్వీసులో ఉండగానే పోతే వచ్చిన ఉద్యోగం. మడత పెట్టి కుట్టిన రెక్సిన్ మొదటిరోజు నున్నగా నవ్వుతుంది, నాలుగు ప్రయాణాలు అయ్యేసరికి కూర్చున్నచోట బొజ్జ పడుతుంది. మరీ లాగి కుట్టిందా, మూల దగ్గర పిగులుతుంది. అన్నీ తెలుసు, తన ఒంటి దగ్గరకొచ్చేసరికి ఏదీ తెలియదు.

ఇదంతా ఒక ఎత్తు. గదిలోంచి వచ్చేసే ముందు డాక్టరు ఇంకోటి అడిగాడు. ఇది మాత్రం నిజం చెప్పాలి దీదీ, అన్నాడు. భుజం దానంతటదే జారుతుందా, మీరు కావాలనుకున్నప్పుడు కూడా తీయగలరా? కావాలని తీసేవాళ్ళకి నేను కుట్టను, కుట్టినా మళ్ళీ తీసేస్తారు, కుట్టంతా వృథా. ఇంకా, మీ ఇంట్లో ఇలా ఇంకెవరికైనా ఉందా? మీనాకుమారి రెండోదానికి లేదంది, నాలుక తడబడకుండా. మొదటిదానికి తల ఊపింది, అవునో కాదో తనకే తెలియనట్టు. ఆలోచించుకోండి, అన్నీ కలిపి చెబుదురు గాని, అని లేచాడు. దానంతటదే, లేకపోతే కావాలని. ఆయన లెక్కకి ఉన్నవి రెండే. మూడోది ఉందని ఆయనకి ఎలా చెప్పడం, ఏ భాషలో చెప్పడం. తల్లి భాషలో అయితే ఒక్క ముక్క, ఒంటి మీదికి అమ్మోరు వస్తాది, అంతే. ఆ ముక్క బెంగాలీలోకి మార్చి, తెల్లకోటు ముందు పెట్టి, ఆ మనిషి కనుబొమలు పైకి లేవడం చూసే ఓపిక ఆమెకి లేదు.

చిన్నప్పుడు అది ఆట. తువ్వాలు రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు వంచకుండా, ముందు నుంచి తల మీదుగా వెనక్కి, నడుము దాకా. గుడారం తెరలా తేలిగ్గా తిరిగేవి చేతులు, టక్కుమని చిన్న చప్పుడు, నొప్పి కూడా ఉండేది కాదు. నాన్న స్నేహితులు ఆదివారం క్వార్టరు అరుగు మీద పేకాటకి కూర్చునేవాళ్ళు. ఏదీ యెంకట్రావు, మీ గుంట సెయ్యి తిప్పుద్దట గదా, అనేవాళ్ళు. నాన్న మీసం దువ్వుకునేవాడు, తానే కనిపెట్టిన యంత్రమైనట్టు. మీనా, సూపించమ్మా. చూపించేది. అరుగంతా ఘొల్లుమనేది. ఓసారి ఒకాయన పేకముక్కలు కింద పడేసి దండం పెట్టాడు, నవ్వులాటకే పెట్టాడు, కానీ చేతులు జోడించిన మొహంలో నవ్వు సగంలో ఆగిపోవడం పిల్ల చూసింది. ఆ ఏడే మాత పూజలో, అక్కడి తెలుగువాళ్ళు ఏటా చేసే అమ్మవారి జాతరలో, అది జరిగింది. ఘటాలు ఎత్తుకుని ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు, బిందెల్లో పసుపు నీళ్ళు, డప్పులు గుండెల మీద మోగుతున్నాయి, కాళ్ళ కింద ఎర్రమట్టి కాలుతోంది. తల్లి వేపమండ చేతికిచ్చింది, పిల్ల దాని రెండు చివర్లూ పట్టుకుంది, అలవాటుగా పైకెత్తింది, చేతులు వెనక్కి వెళ్ళాయి, వెళ్ళి ఈసారి తిరిగి రాలేదు. అప్పుడు అరిచింది. ఆ అరుపుకి ముందున్న ఆడవాళ్ళు ఇద్దరు మోకాళ్ళ మీద పడ్డారు. అమ్మొచ్చింది, అమ్మొచ్చింది, అన్నారు ఎవరో. డప్పు ఆగుతుందనుకుంది పిల్ల, ఆగలేదు, ఇంకా హెచ్చింది. కాళ్ళ మీద ఎవరో పసుపు నీళ్ళు పోశారు. చల్లగా ఉన్నాయి, అది గుర్తుంది. ఎవరూ ఎత్తుకోలేదు, అది కూడా గుర్తుంది.

అప్పటి నుంచి ఏడాదికోసారి. పెళ్ళయ్యాక, కూతురు షైని పుట్టాక, నాన్న పోయాక కూడా. మైల ఏడు ఒక్కటే తప్పింది, ఆ ఏడు జనమే దిగులు పడ్డారు, ఆమె హాయిగా పడుకుంది. కావాలని తీస్తావా అంటే, లేదు. డప్పు మొదలైనప్పుడు మామూలుగానే ఉంటుంది, పాల కింద పొయ్యి ఆపానా లేదా అని కూడా తోస్తుంది. దరువు మారి, జోరందుకున్నాక ఒకచోట చిన్న ఖాళీ వస్తుంది, మెట్టు మీద నిలబడి కిందికి చూసినట్టు. అక్కడ ఆగొచ్చు. ఆగితే ఆగిపోతుందని ఆమెకి తెలుసు. ఎప్పుడూ ఆగలేదు. ఆ తరువాత తెలియదు. ఆగకపోవడం కావాలని చేయడమేనా డాక్టరుగారూ? చుట్టూ వందమంది రావాలి రావాలి అని చూస్తుంటే, వెనక తల్లి వేపమండలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆగడమే కదా కావాలని చేయాల్సిన పని. ఆ తరువాత ఉన్నది ఎవరో ఆమెకి నిజంగా తెలియదు. ఒక్కోసారి ఒళ్ళంతా అంత తేలికైపోతుంది, నొప్పి దూరంగా ఎవరిదో అయిపోతుంది, అది అమ్మ కాదనడానికి మనసు ఒప్పదు. ఇంకోసారి, ఇదిగో ఇలాంటి పట్టపగలు, ఇది వట్టి సాగిన సంచి, సంచిలో జారిన ఎముక, ఇన్నేళ్ళూ జనం దండం పెట్టింది దానికే, అనిపిస్తుంది. అప్పుడు స్వర్ణకుమారి గుర్తొస్తుంది. గోల్‌బజార్ బట్టల దుకాణంలో మడతలు పెట్టే స్వర్ణకుమారి. కొడుకు పనికని సూరత్ వెళ్ళి కబురు లేకుండా పోయాడు. ఒక ఏడు కాళ్ళు పట్టుకుని, నా పిల్లడు వస్తాడా అమ్మా, అని అడిగింది. వస్తాడు, అంది మీనాకుమారి నోరు. ఎవరన్నారో మరి. రాలేదు. స్వర్ణకుమారి మళ్ళీ అడగనూ లేదు, తిట్టనూ లేదు. ఏటేటా వస్తుంది, పాదాలకి పసుపు రాస్తుంది, వెళ్ళిపోతుంది. దుకాణానికి వెళ్ళినప్పుడు జాకెట్టు గుడ్డ మంచిది తీసిస్తుంది. తిట్టినా బాగుండు.

తల్లి చేతులు మాత్రం ప్రతిసారీ ఒకేలా వస్తాయి. అమ్మ దిగిపోనాది, తప్పుకోండి తప్పుకోండి, అని గొంతెత్తి అరుస్తుంది నూకాలమ్మ, అరుస్తూనే వెనక నుంచి ఒక అరచెయ్యి చంక కింద పెడుతుంది, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా బయటికి తిప్పుతుంది, పసుపూ నువ్వులనూనె కలిసిన వాసన, ఎక్కడో లోపల గడియ పడ్డట్టు చిన్న చప్పుడు. తరవాత రెండోది. ఆ తరవాత నిద్ర. ఇంట్లో మామూలు రోజుల్లో జారినా తల్లే రావాలి. మొగుడు వినోద్ ఒకసారి పట్టబోయాడు, ఆ ఎముక అరచేతిలో కదలడంతో మొహం పాలిపోయి తానే గోడకి చేరగిలబడ్డాడు. షంటింగులో బోగీల మధ్య దూరి కప్లింగు తగిలించే మనిషి. పాపం, మంచివాడు. రాత్రి పక్క మీద ఆమె వైపు తిరిగేటప్పుడు కూడా ముందు అడిగి తిరుగుతాడు.

ఇప్పుడు డప్పులు అక్కర్లేదు. తుమ్మితే చాలు. బకెట్టు ఎత్తితే, దోమతెర కడితే, ఆటోలో కమ్మీ పట్టుకుని కూర్చున్నప్పుడు సాలువా రోడ్డు గుంటలో పడితే. మొన్న ట్రిమ్మింగ్ షాపులో రెక్సిన్ అంచు లాగుతుంటే కుడిది జారింది, పళ్ళు బిగబట్టి ఎడమ చేత్తో పట్టుకోబోయింది, ఎడమదీ జారింది. రెండు చేతులూ అలా వేలాడుతుంటే బెర్తుల మధ్య నిలబడిపోయింది. పక్క మెషీను దగ్గరుండే ఎస్తేరమ్మ ముందు దేవా అని అరిచింది, తరువాత స్టూలు తెచ్చి కూర్చోబెట్టి, ముక్కు మీద చెమట తన కొంగుతో తుడిచింది. ముక్కు మీద చెమట తుడుచుకోలేకపోవడం ఎంత పెద్ద కష్టమో అప్పుడు తెలిసింది. నూకాలమ్మని తాల్‌బగీచా ఇంటి నుంచి పిలిపించేదాకా అలాగే. ఆ కూర్చున్నంతసేపూ ఏడవలేదు. అలిసిపోయింది, అంతే. నొప్పి వల్ల వచ్చే అలుపు ఒకటి, నొప్పి వస్తుందేమో అని ఎప్పుడూ కాపలా కాసే అలుపు ఇంకొకటి. రెండోదే మనిషిని తినేస్తుంది. నిద్రలో కూడా ఒక కన్ను తెరిచి భుజాల్ని కాపలా కాయాలి, పక్క తిరగకూడదు, చెయ్యి తల కింద పెట్టకూడదు. కుట్టేయనీ. ఏదో ఒకటి కుట్టేయనీ. కన్నాలో, కోతో, చెయ్యి సగమే లేస్తే సగమే లేవనీ, పడుకుంటే చాలు, బోర్లా, చేతులు ఎటు పడితే అటు పారేసి, ఒక్క రాత్రి.

అంత సులువైతే ఎప్పుడో అయిపోయేది. పొద్దున్న ఆసుపత్రికి తయారవబోతుంటే జగ్గారావు ఫోను చేశాడు. పూజ కమిటీలో పెత్తనమంతా అతనిదే, మనిషి చెడ్డవాడు కాదు, పని అయ్యేదాకా వదలడు, అంతే. అప్పా, ఒంట్లో బాగోనేదని యిన్నాను, ఏటి సేద్దుమంటావు, అన్నాడు. చూద్దాం తమ్ముడూ, అంది. అలగంటే ఎలగప్పా, జనం అడుగుతున్నారు. నువ్వు రానేకపోతే మీ గుంట ఉన్నాది గదా, సెయ్యి తిప్పుద్దంట గదా, మా ఆడోళ్ళు సూసినారంట, అన్నాడు. మీ గుంట సెయ్యి తిప్పుద్దంట గదా. నాన్న అరుగు మీద విన్న మాట, గొంతు ఒక్కటే మారింది. ఫోను పెట్టేసి చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. అవును, తిప్పుతుంది. పోయిన వారం మేడ మీద బట్టలు తీస్తుంటే షైని తన చున్నీ రెండు కొసలూ పట్టుకుని, అమ్మా ఇటు చూడు, అని తల మీదుగా వెనక్కి తిప్పేసింది, మోచేతులు వంచకుండా, కిలకిలా నవ్వుతూ. టక్కుమంది. మీనాకుమారి చేతిలో బట్టలు జారిపోయాయి. అంతకన్నా ఆమెని కొట్టింది మెట్ల దగ్గర నిలబడ్డ తల్లి మొహం. నూకాలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసి పిల్లనే చూస్తోంది. ఆ మొహం మీనాకుమారికి బాగా తెలుసు, మొదటిసారి వేపమండ చేతికిచ్చిన రోజు చూసిన మొహం. అమ్మ మళ్ళీ వచ్చింది మా ఇంటికి, అన్న మొహం. తరువాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

కాబట్టి ఇదీ లెక్క. తను కుట్టించుకుంటే మాత పూజ నాటికి కుడి చెయ్యి జోలెలో ఉంటుంది, గుండెకి కట్టేసి. చోటు ఖాళీ అవుతుంది. ఖాళీ చోటు చూస్తే జగ్గారావు ఆగడు, జనం ఆగరు, తల్లి అసలు ఆగదు. తల్లి చేతులు, పసుపు రాసిన చేతులు, ప్రేమగానే, కళ్ళనీళ్ళతోనే, వేపమండ పిల్ల చేతికిస్తాయి. పిల్ల నవ్వుతూ తీసుకుంటుంది. డప్పు ఆగదు. కుట్టించుకోకుండా ఇంకో ఏడు, ఇంకో రెండేళ్ళు తానే నిలబడితే? షైని ఎత్తు పెరిగి, సిగ్గు తెలిసి, నేను చేయను పో అనే వయసు వచ్చేదాకా? ఆ లోపల గట్టు ఇంకా అరుగుతుంది, మడతలు చాలవు, స్క్రూల దాకా వస్తుంది, ఎడమదీ అలాగే. అరగనీ. అరగనీ అనుకోవడం తేలికే, కూర్చుని. లేచి నిలబడి జాకెట్టు హుక్కులు పెట్టుకునేటప్పుడు అనుకోవాలి. డాక్టరుకి ఒక్క మాట చెబితే చాలు, అవునండీ కావాలనే తీస్తాను, అంటే ఆయనే వద్దంటాడు, ఇంటికి వెళ్ళి, డాక్టరు కుట్టనన్నాడు అని చెప్పొచ్చు, వినోద్ కాసేపు బాధపడతాడు, అయిపోతుంది. ఎంత అలుపు. వరండా చివర కుళాయి కారుతోంది, ఎవరూ కట్టరు, చూస్తూ వెళ్ళిపోతారు. ఎదుటి బెంచీ మీద ఒకాయన తొడ దాకా కట్టుతో కాలు చాపుకుని సెల్లులో క్రికెట్టు చూస్తున్నాడు. అదృష్టవంతుడు, ఆ కాలు ఎక్కడికి పోతుంది. షైని ఇప్పుడు బడిలో ఉంటుంది, రెండు జడలూ వదులుగా, ఒకటి ఇప్పటికే ఊడిపోయి. తల దువ్వాలంటే పిల్లని కింద కూర్చోబెట్టి, తన మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చి దువ్వుతుంది, అంతకన్నా పైకి చేతులు లేపి ఉంచలేదు. పిల్లలు అంటారట, మీ అమ్మకి జడ వేయడం రాదా అని. వచ్చు. అన్నీ వచ్చు. వర్క్‌షాపు సైరను మోగింది, భోజనాల వేళ, ఊరంతా వినపడేలా, నాన్న బతికి ఉన్నప్పుడు ఆ మోతకి తల్లి పళ్ళెం కడిగేది.

ఆ మోతకే నూకాలమ్మ కళ్ళు తెరిచింది. టిఫిను డబ్బా మూత తీసింది. ఉప్మా ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది. "తిను. సెయ్యి తియ్యకు, అలగే పట్టుకో" అంది. నలుగురిలో ఏమిటమ్మా అని మొహం తిప్పుకోబోయి, ఓపిక లేక నోరు తెరిచింది మీనాకుమారి. చల్లారిన ఉప్మా, పచ్చిమిరప తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపే అనుకుంది. నమలడం అయ్యేలోపే డాక్టరు వచ్చేశాడు, చేతులకి ఇంకా తెల్లపిండి అంటుకుని ఉంది. లోపలికి పిలవకుండా అక్కడే ఎదురుగా నిలబడ్డాడు. "బోలున్ దీదీ, ఏమాలోచించారు?" అన్నాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడు, అతనికి తెలుగు సగం అర్థమవుతుంది, మిగతా సగం మొహాలు చూసి పోల్చుకుంటాడు. నోట్లో ముద్ద పెట్టుకుని మీనాకుమారి, కావాలనే తీస్తానండీ, అనే మాటని పళ్ళ వెనక సిద్ధం చేసుకుంది. మింగి చెబుదామనుకుంది.

నూకాలమ్మ డబ్బా మూత పెట్టి లేచి నిలబడింది. ఆమెకి బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, బజారులో రెండూ దంచేస్తుంది. గుండెలోంచి మాట్లాడాల్సి వస్తే మాత్రం తెలుగు తప్ప ఏదీ రాదు.

"బాబూ, నువ్వు లోపల అడిగినాది తలుపు కాడ యిన్నాను. ఇది కావాలని తియ్యదు. సిన్నప్పుడు ఆటకి తిప్పీది, అది నిజిమే. ఇప్పుడు నొప్పికి సచ్చిపోతన్నాది, తియ్యదు. నాను సెప్తన్నాను, రాసుకో."

"అమ్మా, నువ్వు కూర్చో" అంది మీనాకుమారి.

"నువ్వుండే. ఎముక జారినాదని నాకు మొదట్నించీ ఎరికే. ఎక్కించీది నానే గదా, నా సేతికి తెలవదేటి? జారినాది ఎముకే. జార్చినాది అమ్మోరని నాననుకున్నాను, ఇప్పుటికీ అనుకుంతన్నాను. నువ్వు నమ్మితే నమ్ము, నేకపోతే మానీ. ఇన్నేళ్ళు ఆడినాది గదే తల్లి. ఆయమ్మకీ అలుపొచ్చుంటాది. పడుకోనీ."

మీనాకుమారి తల్లి మొహం చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్న ఆ మేడమీది మొహమే. పెదాలు వణుకుతున్నాయి. అది సంతోషమని ఇన్నాళ్ళూ ఎలా అనుకుందో ఆమెకే అర్థం కాలేదు. మొదటిసారి వేపమండ ఇచ్చిననాడు కూడా ఇదే మొహమైతే, ఆనాడూ తల్లి భయపడే ఉంటుంది, భయపడి, చుట్టూ అందరూ మోకాళ్ళ మీద ఉంటే ఏం చేయాలో తెలియక, అమ్మొచ్చింది అన్న మాటనే పట్టుకుని ఉంటుంది.

"జగ్గారావుకి సెప్పీసినాను" అంది నూకాలమ్మ గొంతు తగ్గించి. "ఆడు నీతో అన్నది యిన్నాను, నువ్వు సీర కట్టుకుంతన్నప్పుడు నానే తిరిగి ఫోను సేసినాను. మా ఇంట్నించి ఇంక ఎవురూ మండ పట్టరు, గుంట పేరెత్తితే బాగోదని సెప్పినాను." మళ్ళీ డాక్టరు వైపు తిరిగింది. "దీనికో కూతురున్నాది బాబూ. దానికీ ఇలగే వదులు. కుట్టక్కర్లేదు గానీ ముందే సూడు. ఏటి సెయ్యాలో, ఏటి సెయ్యకూడదో సెప్పు. బడి నేని రోజు తీసుకొస్తాను."

డాక్టరు మీనాకుమారిని చూశాడు. లేదన్నారు కదా, అని అడగలేదు. పిల్లని తీసుకురండి, ఈ వయసులో కండ గట్టిపడే వ్యాయామం చాలు, ఆ ఆట మాత్రం మాన్పించండి, అన్నాడు. మీకు తెరిచి కుట్టడమే మంచిదని నా ఆలోచన, కొంచెం బిగుస్తుంది, కానీ నిలుస్తుంది. సరే అంది మీనాకుమారి. గొంతు తనది కానంత మామూలుగా వచ్చింది. అయితే చూపించండి, ఎంత వరకు లేవాలి చెయ్యి, అన్నాడు ఆయన.

ఆమె ఎడమ మోచెయ్యిని వదిలింది. కుడి చెయ్యి మెల్లగా ముందుకి చాపి, ఎదురుగా ఖాళీలో, ఒక పిల్ల నిలబడితే తల ఎక్కడికొస్తుందో అక్కడికి లేపి ఆపింది, వేళ్ళ మధ్య దువ్వెన ఉన్నట్టు. భుజం జారలేదు. ఇంత చాలండీ, అంది.

నూకాలమ్మ పక్కకి వచ్చి, అరచెయ్యి కూతురి మోచేతి కింద ఆన్చింది. మెల్లగా, ఎముకని ఎక్కించేటప్పుడు ఎంత మెల్లగా పడుతుందో అంత మెల్లగా, ఇంకాస్త పైకి లేపింది.

"గుంట ఎదగదేటే?" అంది. "ఇంతదాకా కావాలని సెప్పు."